సంతోషాలకు ఉద్దెర ఖాతా: ఎలా తెరవాలి, ఎలా రాయాలి, బాకీ ఎలా తీర్చాలి

"ఆ పుస్తకం ఎట్లా రాస్తావో జర చెప్పవా" అని అడిగేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఆ పుస్తకం అంటే, నాకు అందిన చిన్న చిన్న సంతోషాలను ఎవరి వల్ల అందాయో పేరుతో సహా రాసుకునే ఖాతా పుస్తకం. ముందు మా ఆడపడుచు అడిగింది, తర్వాత మా బిడ్డ స్కూల్ బస్సు దగ్గర నిలబడే ఇద్దరు తల్లులు, ఆ తర్వాత వాళ్ళ చెల్లెళ్ళు. ఒక్కొక్కరికీ ఫోన్లో అరగంట చెప్పే ఓపిక లేక అంతా ఒకచోట రాసి పెడుతున్నా. ఇకమీద అడిగినవాళ్ళకు ఇదే పంపిస్తా, ఏమనుకోవద్దు.

ఇది ఎక్కడి నుంచి పుట్టిందో రెండు ముక్కల్లో చెప్పి పనిలోకి వెళ్దాం. నల్లగొండ నుంచి దేవరకొండ పోయే రోడ్డు మీద ఒక ఊళ్ళో మా నాయనకు కిరాణా కొట్టు ఉండేది. గల్లాపెట్టె పక్కన మేకుకు దారంతో ఉద్దెర పుస్తకం వేలాడేది. తేదీ, పేరు, సరుకు, పైసలు, అంతే. "పావుకిలో కందిపప్పు, ఒక లైఫ్‌బాయ్ సబ్బు" అని రాసేవాడే గానీ "కొన్ని సరుకులు" అని ఏనాడూ రాయలేదు, అట్లా రాస్తే నెలాఖరుకు తగాదా అవుతుందని ఆయనకు తెలుసు. మూడేళ్ళ కింద నేను కొంచెం డల్‌గా ఉన్న రోజుల్లో ఎవరో ఇచ్చిన అందమైన డైరీలో "ఈ రోజు మంచిగా గడిచింది" అని వరుసగా పదకొండు రోజులు రాశాను. పన్నెండో రోజు తిరగేస్తే అందులో ఒక్క రోజూ గుర్తురాలేదు. అన్నీ "కొన్ని సరుకులే". అప్పుడు నాయన పుస్తకం యాదికొచ్చింది. మనకు అందే చిన్న సంతోషం కూడా ఉద్దెర సరుకే కదా, ఎవరో ఇచ్చారు, మనం ఇంకా ఏమీ కట్టలేదు. అయితే పేరు, సరుకు సరిగ్గా రాసి పెట్టుకుని, వీలున్నప్పుడు తీర్చాలి.

ఇంతకు మించి సిద్ధాంతం లేదు.

కావాల్సినవి

పొడుగ్గా సన్నగా ఉండే ఖాతా పుస్తకం ఒకటి, ఎర్ర అట్టది. ఏ స్టేషనరీ షాపులో "ఉద్దెర బుక్కు" అన్నా ఇస్తారు. వంద పేజీలది చాలు.

ఒక బాల్ పెన్ను, దాన్ని పుస్తకానికి కట్టడానికి మూరెడు దారం. నవ్వకండి, దారం లేనివాళ్ళ పుస్తకాలు పది రోజుల్లో ఆగిపోవడం నేను చూశాను. పుస్తకం ఉంటుంది, పెన్ను మాత్రం పిల్లల సంచిలోకి పోతుంది.

గోడకు ఒక మేకు. వారంలో మూడు సార్లు ఐదేసి నిమిషాలు. బాకీలు తీర్చడానికి బ్యాలెన్స్ ఉన్న ఫోను.

రంగు పెన్నులు, స్టిక్కర్లు, యాప్‌లు వద్దు. ఫోన్లో రాసుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. రాసుకోవచ్చు గానీ, రాద్దామని ఫోన్ తీసినవాళ్ళు రాసి పెట్టేస్తారని నాకు నమ్మకం లేదు, నా మీద నాకే లేదు.

1. పుస్తకానికి చోటు చూడండి

దేవుడి అర్రలో పెట్టకండి. అక్కడ పెడితే పవిత్రమైపోతుంది, స్నానం చేయలేదని ముట్టరు, తిట్టుకున్న రోజు రాయాలంటే మొహమాటం. బీరువాలో పెడితే రహస్యమైపోతుంది. వంటింటి గడప పక్కనో, టీవీ పక్కనో, అందరూ అటూ ఇటూ తిరిగే చోట మేకు కొట్టి వేలాడదీయండి. మా ఇంట్లో గ్యాస్ సిలిండర్ వెనక గోడకు ఉంటుంది, దాని మొదటి పేజీ మీద పసుపు మరకలున్నాయి. నాయన బొట్టు పెట్టి మొదలుపెట్టేవాడు, నాది దానంతట అదే పడింది.

2. నాలుగు గళ్ళు గీయండి

స్కేలు కూడా అక్కర్లేదు, చేత్తో గీయండి. మొదటి గడి తేదీ. రెండోది ఎవరి పేరు మీద. మూడోది ఏం ముట్టింది. నాలుగోది బాకీ తీరిందా అని. మూడో గడి వెడల్పుగా ఉండాలి, మిగతావి సన్నగా.

మామూలు డైరీకీ దీనికీ తేడా అంతా రెండో గడిలోనే ఉంది. అక్కడ "నేను" అని రాయడం నిషేధం. "ఈ రోజు నేను ఆరు గంటలకే లేచాను, హ్యాపీ" అంటే అది మీ సొంత సరుకు, మీ ఇంట్లో బియ్యం మీరే వండుకున్నట్టు, దానికి ఉద్దెర ఖాతా ఎందుకు. ఎవరో ఒకరి పేరు ఉండాలి. మనిషే కావాలని లేదు, చెట్టు పేరు, కుక్క పేరు, దేవుడి పేరు, క్రికెటర్ పేరు, ఏదైనా సరే.

పేరు తెలియకపోతే పని రాయండి: "పాలప్యాకెట్ అబ్బాయి", "నల్లా బాగుచేసే ఆయన". రాస్తూ రాస్తూ ఉంటే ఇన్నేళ్ళుగా పాలు పోసే అబ్బాయి పేరు మనకు తెలియదని అర్థమై సిగ్గేస్తుంది, మర్నాడు అడుగుతారు. నేనూ అట్లాగే అడిగాను.

3. వారానికి మూడు పద్దులు, అంతకన్నా ఎక్కువ వద్దు

రోజూ రాయాలని మొదలుపెట్టేవాళ్ళు రెండో వారంలో ఆగిపోతారు, ఇది నేను కళ్ళారా చూసిన విషయం. మీకు చదువుకున్నవాళ్ళ సాక్ష్యం కూడా కావాలంటే, అమెరికాలో ఎమ్మన్స్, మెకల్లా అనే ఇద్దరు సైకాలజీ పరిశోధకులు 2003లో అచ్చయిన పరిశోధనలో ఒక గుంపుతో వారానికి ఒక్కసారే, ఐదు విషయాల దాకా, పది వారాలు రాయించారు. చిరాకులు రాసిన గుంపు కన్నా వీళ్ళు తమ బతుకు మెరుగ్గా ఉందని చెప్పారు. వారానికి ఒక్కసారితోనే అంత జరిగితే మనకు మూడు చాలదా.

ఎప్పుడు రాయాలి అంటే, ఇప్పటికే ఆగకుండా జరిగే ఒక పనికి అంటగట్టండి. నేను మంగళ, గురు, ఆదివారాల్లో రాత్రి పాలు కాగేటప్పుడు రాస్తా. పాలు పొంగేలోపు రాయడం అయిపోవాలి. అందుకే నా పద్దులు పొట్టిగా ఉంటాయి (రెండు సార్లు పాలు పొంగాయి కూడా, అవి ఏ ఖాతాలో రాయాలో తెలియలేదు).

4. పద్దు ఎలా రాయాలి

అందరూ తప్పు చేసేది ఇక్కడే, అందుకని కొంచెం నింపాదిగా చదవండి.

పద్దులో మూడు ఉండాలి: కంటికి కనబడే వస్తువు ఒకటి, చోటు ఒకటి, జరిగిన పని ఒకటి. అది బాగుంది, ఇది అద్భుతం, మనసు నిండింది లాంటి మాటలు రాయకూడదు. వస్తువు సరిగ్గా రాస్తే మనసు సంగతి అదే గుర్తొస్తుంది.

తప్పు పద్దు: "అమ్మతో మాట్లాడా, సంతోషం."
సరైన పద్దు: "అమ్మ. జీరో టికెట్ మీద దేవరకొండలో పెద్దమ్మ ఇంటికి పోయి, టికెట్ పడేయకుండా పర్సులో పెట్టుకుని వచ్చి నాకు చూపించింది."

2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు కదా, మా అమ్మ అప్పటిదాకా అక్క ఇంటికి పోవాలంటే కొడుకునో అల్లుడినో పైసలు అడగాలి. ఆ పథకం మంచిదా చెడ్డదా అని మా ఇంట్లో మగవాళ్ళు వాదించుకుంటారు, వాదించుకోనీ. నా పుస్తకంలో ఉన్నది మాత్రం పర్సులో మడిచిన ఆ టికెట్ ముక్కే.

ఇంకొకటి. తప్పు పద్దు: "బస్సు కండక్టర్ మంచిది." సరైనది: "కండక్టరమ్మ, దేవరకొండ బస్సు. అమ్మ మల్లేపల్లిలో దిగేటప్పుడు మరిచిన స్టీలు డబ్బా తిరుగు బస్సులో పంపింది. కడిగి పంపింది." ఆ చివరి రెండు మాటలు రాయకుంటే ఆ పద్దు ఉండీ లేనట్టే. పప్పు అంటిన డబ్బాను ఎవరో తెలియని మనిషి కోసం ఎక్కడ కడిగిందో, ఏ బస్టాండ్ నల్లా దగ్గర కడిగిందో.

మర్రిగూడ వైపు మా చిన్నమ్మ ఒకామె ఈ పుస్తకం మొదలుపెట్టి మొదటి పద్దుగా ఏం రాసిందో తెలుసా: "నల్లా. కృష్ణ నీళ్ళు. బిందె నింపి మూత పెట్టిన." ఆ ప్రాంతం ఫ్లోరైడ్ నీళ్ళతో ఎముకలు వంగిపోయిన మనుషులను చూసిన ప్రాంతం. ఆమె పద్దులో ఆ కష్టం గురించి ఒక్క ముక్క లేదు, బిందె మీద మూత మాత్రం ఉంది. నేను ఇన్ని రూల్స్ చెబుతున్నా గానీ, చదువు ఐదో తరగతి దాకే ఉన్న ఆమెకు ఎవరూ చెప్పాల్సిన పని పడలేదు.

5. భక్తి పద్దులు: మొక్కుల లెక్కతో కలపకండి

గుడికి, దర్గాకు, చర్చికి పోయేవాళ్ళకు ఇది కొంచెం చిక్కు. మొక్కు వేరే ఖాతా. "అబ్బాయికి జాబ్ వస్తే గట్టుకు వస్తా స్వామీ" అన్నది మీకూ మా నల్లగొండ జిల్లా చెర్వుగట్టు గుడిలోని రామలింగేశ్వరుడికీ మధ్య ఒప్పందం, దాన్ని ఇందులో ఎక్కిస్తే ప్రతి పద్దూ "ఇంకా కాలేదు, ఇంకా రాలేదు" అని టెన్షన్ పెడుతుంది. ఈ పుస్తకంలో రాయాల్సింది అడిగినది కాదు, అడగకుండా దొరికినది.

ఉదాహరణకు అమావాస్య రోజు గట్టు మీద జనం చూశారు కదా, ఆ తొక్కిసలాటలో మా అత్తమ్మకు చోటు ఇచ్చి తను ఎండలో నిలబడ్డ ఒక ముసలాయన ఉన్నాడు. పద్దు ఆయన పేరు మీద: "తెల్ల తలపాగా తాత. చెర్వుగట్టు మెట్ల దగ్గర. నీడ." నల్లగొండలో మా వీధి ఖాజా భాయ్ వాళ్ళమ్మ లతీఫ్ సాబ్ దర్గా గుట్ట ఎక్కి దిగుతూ మోకాళ్ళ నొప్పి గురించి చెప్పిన జోకు ఒకటి ఉంది నా పుస్తకంలో, ఇక్కడ రాసేది కాదు. క్రిస్మస్ ముందు రాత్రుళ్ళు క్యారల్స్ పాడుతూ వచ్చే పిల్లల్లో ఒకడు మా గేటు దగ్గర తన పాట మరిచిపోయి నవ్వడం మొదలుపెడితే మిగతా అందరూ నవ్వేశారు, పాట ఆగిపోయింది, అది కూడా ఉంది.

మీకు దగ్గర్లో ఉండి మీరు పట్టించుకోని చోటుకు ఒకసారి పోయి రండి, పద్దు గ్యారంటీ. మాకు పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం. కందూరు చోడుల కాలం నాటి గుడి, గర్భగుడిలో స్తంభం నీడ పొద్దంతా కదలకుండా నిలబడుతుంది. బయట ఉన్న స్తంభాల మధ్య నుంచి వచ్చే వెలుతురు అట్లా కలిసేట్టు కట్టారు. ఆటోలో పది నిమిషాల దూరంలో ఉండి నేను ముప్పై ఏళ్ళు వచ్చేదాకా చూడలేదు, హైదరాబాద్ నుంచి వచ్చిన చుట్టాలకు చూపించడానికి పోయి చూశాను. మా బిడ్డ సూర్యుడు ఎటున్నాడో చూడటానికి నాలుగు సార్లు బయటకూ లోపలికీ ఉరికింది. పద్దు నీడ మీద కాదు, ఆ ఉరుకుల మీద.

6. సినిమా, క్రికెట్, రీల్స్: సిగ్గుపడకండి

"ఇట్లాంటివి కూడా రాయొచ్చా" అని గొంతు తగ్గించి అడుగుతారు, ఏదో తప్పు చేసినట్టు. రాయొచ్చు. కాకపోతే సినిమా పేరు, స్కోరు రాస్తే లాభం లేదు, అవి పేపర్లో ఉంటాయి. అప్పుడు మీ ఇంట్లో ఏం జరిగిందో రాయండి.

2023 మార్చి 13, సోమవారం పొద్దున నాటు నాటుకు ఆస్కార్ వచ్చిన వార్త. నా పద్దు: "అత్తమ్మ. టీవీ ముందు చాటలో బియ్యం పట్టుకుని, మన పాటకేనా, మన తెలుగు పాటకేనా అని మూడు సార్లు అడిగింది. ఆ రోజు అన్నంలో రాళ్ళు." 2025 నవంబర్ 2, ఆదివారం, మన అమ్మాయిలు మొదటిసారి వన్డే ప్రపంచకప్ గెలిచిన రాత్రి. వాన వల్ల మ్యాచ్ ఆలస్యంగా మొదలై అర్ధరాత్రి దాకా సాగింది. సౌతాఫ్రికా మీద 52 పరుగుల గెలుపు. నా పద్దు: "బిడ్డ. హర్మన్ ప్రీత్ క్యాచ్ పట్టగానే గెంతితే మంచం పట్టె విరిగింది. వాళ్ళ నాన్న తిట్టలేదు, తనూ గెంతాడు." ఆ పట్టె ఇప్పటికీ తాడు కట్టే ఉంది, బాగు చేయించుకుందామంటే వద్దంటుంది.

పన్నెండు మెట్ల కిన్నెర అనే తీగల వాయిద్యం వాయించే మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది, నాగర్‌కర్నూల్ జిల్లా మనిషి. మా అత్తగారి ఊరు పాలమూరు వైపు కాబట్టి అక్కడి ముసలివాళ్ళు ఆయన పేరు వచ్చినప్పుడల్లా "చిన్నప్పుడు మా వాకిట్ల కూడ కిన్నెరోళ్ళు వాయించిండ్రు" అని మొదలుపెడతారు. వాయించింది ఎవరో ఏమో, ఆ కథలు మాత్రం మూడు రాసి పెట్టుకున్నా, మామయ్య పేరు మీద ఒకటి, పక్కింటి అవ్వ పేరు మీద రెండు.

రీల్స్‌కు ఒక పరీక్ష పెట్టుకోండి: రాత్రి చూసినది పొద్దున చాయ్ తాగేదాకా గుర్తుంటే రాయండి, లేకుంటే వదిలేయండి. నేను ఒకసారి గంటన్నర చూసి, పొద్దున ఆలోచిస్తే ఒక మేక గుర్తొచ్చింది. మేకను రాశాను.

7. ఏమీ లేని రోజు

తేదీ వేసి గీత గీయండి. నాయన కొట్టు ముందు వాన పడి ఒక్క మనిషి రాకపోయినా తేదీ మాత్రం రాసేవాడు, తేదీ లేకపోతే కొట్టు మూసినట్టు అవుతుందని. ఉత్తగా కల్పించి రాయకండి. ఒంట్లో బాగా లేనప్పుడు, ఇంట్లో చావు జరిగినప్పుడు, అప్పులవాడు గుమ్మంలో ఉన్నప్పుడు సంతోషం వెతుక్కోమని చెప్పే మనిషిని నేను కాను.

హెచ్చరిక: వరుసగా రెండు వారాలు గీతలే పడుతుంటే, నిద్ర పట్టక, తిండి సహించక, బతకడం దండగ అనే ఆలోచన వస్తుంటే ఇది పుస్తకంతో తీరేది కాదు. 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అని ప్రభుత్వానిదే, పైసలు అక్కర్లేదు, ఏ వేళైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. డాక్టర్ దగ్గరికి పోవడానికి తోడు కావాలంటే మీ రెండో గడిలో ఎక్కువసార్లు వచ్చిన పేరు ఎవరిదో చూసి వాళ్ళనే అడగండి.

8. నెలాఖరుకు బాకీ తీర్చండి

ఇది చేయకపోతే మిగతా అంతా చేసి దండగ. నెల చివరి ఆదివారం పుస్తకం ముందు పెట్టుకుని, నాలుగో గడి ఖాళీగా ఉన్నవాటిలో కనీసం మూడింటిని ఎంచుకుని ఫోన్ చేయండి లేదా పోయి చెప్పండి.

మన ఇళ్ళలో సొంతవాళ్ళకు థాంక్స్ చెబితే వింతగా ఉంటుంది, "ఏమైందే, ఒంట్లో బాగుందా" అంటారు. అందుకని థాంక్స్ మాట వాడకండి, సరుకు పేరు చెప్పండి. "వదినా, నువ్వు పంపిన చింతకాయ తొక్కు అయిపోయింది, ఆఖరి చెంచా కోసం పిల్లలు కొట్టుకున్నారు." చాలు, బాకీ తీరింది. టిక్కు పెట్టండి. పక్కింటి గిన్నె వచ్చి ఉంటే ఖాళీ గిన్నె పంపం కదా, నాలుగు బత్తాయిలు వేసి పంపండి. నల్లగొండ జిల్లాలో ఉండి బత్తాయిలు దొరకలేదనకండి.

చెప్పలేని వాళ్ళుంటారు. దేవుడు, క్రికెటర్, చనిపోయిన మనిషి, చెట్టు. వాళ్ళ బాకీని ఇంకొకరికి చేరవేయాలి. పాలమూరు పిల్లలమర్రి మీద నాకు ఒక పద్దు ఉంది. సుమారు ఏడు వందల ఏళ్ళ చెట్టు, మూడెకరాలకు పైగా పరుచుకుంది. 2017 చివర్లో చెదలు తిని పెద్ద కొమ్మ విరిగితే జనాన్ని రానివ్వడం ఆపేసి, మరుసటి ఏడాది సెలైన్ సీసాల్లో చెదల మందు కలిపి మనిషికి ఎక్కించినట్టే చుక్క చుక్క ఎక్కించారు, కొమ్మలకు సిమెంటు దిమ్మెలు ఆనించారు. చెట్టు నిలబడింది. ఆ కథ ఆస్పత్రిలో సెలైన్ పెట్టుకుని పడుకున్న మా చిన్నాయనకు చెప్పాను. "అయితే నేను ఇంకో ఏడు వందల ఏండ్లుంట" అన్నాడు. టిక్కు.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

పేజీ ఫోటో తీసి స్టేటస్ పెట్టడం. నేను ఒకసారి పెట్టాను. అందులో పేరు లేని ఒక దగ్గరి చుట్టం నెల రోజులు మాట్లాడలేదు. ఉద్దెర పుస్తకం కొట్టు దాటి బయటికి పోకూడదని నాయన చెప్పిన మాట అప్పటిదాకా నాకు అర్థం కాలేదు.

పుస్తకంతో దెప్పిపొడవడం. "ఆయన. ఈ రోజు తిన్న ప్లేటు తనే తీశాడు, ప్రపంచంలో ఎనిమిదో వింత." గోడ మీద వేలాడే పుస్తకం అందరూ చదువుతారు. నవ్వొచ్చినా కొట్టేయండి. (నేను కొట్టేయలేదు, ఆయన కింద తన రాతలో "తొమ్మిదోది రేపు" అని రాశాడు. మీ ఇంట్లో అట్లా జరుగుతుందని హామీ లేదు.)

పిల్లలతో హోంవర్క్ లాగా రాయించడం. అక్షరదోషాలు దిద్దితే ఇక ఆ పిల్ల పెన్ను ముట్టదు.

అన్నీ తిండి పద్దులే కావడం. మొదటి నెల అందరిదీ అంతే, మిర్చి బజ్జీ, కోడికూర, మిర్చి బజ్జీ. తప్పేం లేదు, కానీ రెండో నెలలో కూడా అదే అయితే తిండి పెట్టిన మనిషి చెయ్యి, మాట, చోటు చూసి రాయండి.

పనిచేస్తోందో లేదో చూసుకోవడం

ఎప్పుడూ ఉల్లాసంగా ఉంటున్నానా అని చూసుకోకండి, ఉండరు. నేనూ ఉండను. ఈ కిందివి చూడండి.

రెండు నెలల కిందటి పేజీ ఒకటి తెరిచి, రెండో గడిని చేత్తో మూసి మూడో గడి చదవండి. అది ఎవరి పద్దో పేరు చూడకుండా చెప్పగలిగితే మీ రాత సరైనది. చెప్పలేకపోతే మళ్ళీ "కొన్ని సరుకులు" రాస్తున్నారు, నాలుగో మెట్టుకు పోండి.

నెలకు పన్నెండు పద్దుల్లో కనీసం ఐదు వేర్వేరు పేర్లున్నాయా? ఒక్క పేరే తిరిగి తిరిగి వస్తుంటే గడప దాటి బయటికి పోవడం తగ్గిందని లెక్క. నాకు ఒక ఎండాకాలం నెలంతా పేర్లలో సగం టీవీ మనుషులవే ఉన్నాయి, అప్పటి నుంచి సాయంత్రం ఉదయసముద్రం చెరువు కట్ట మీద నడకకు పోతున్నా.

నాలుగో గడిలో టిక్కులు సగం దాటాయా?

ఇక అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు ఇది: పట్టపగలు ఏదో జరిగినప్పుడు "రాత్రికి ఇది రాయాలి" అని మీకు మీరే అనుకుంటారు. నాకు ఇది వచ్చేసరికి దాదాపు రెండు నెలలు పట్టింది. క్లాక్ టవర్ దగ్గర సిగ్నల్‌లో ఒక ట్రాఫిక్ హోంగార్డు ఎండలో నిలబడి కుక్కపిల్లను తన నీడలోకి కాలితో జరుపుతుంటే, వెనక బండ్ల హారన్లు మోగుతున్నా నేను మనసులో పద్దు రాసుకుంటూ ఉండిపోయాను.

రాయడం కుదరని వాళ్ళకు

మా అమ్మకు చదువు రాదు. ఆమె పాత హార్లిక్స్ సీసాలో ఒక్కో దానికి ఒక చింతగింజ వేస్తుంది, నెలాఖరుకు గింజలన్నీ కొంగులో పోసుకుని ఒక్కొక్కటి తీస్తూ ఇది ఫలానాది, ఇది ఫలానాది అని చెబుతుంది. పదిలో ఏడెనిమిది గుర్తుంటాయి, మిగతావాటికి ఏదో ఒకటి అల్లుతుందని నా అనుమానం.

పాలమూరు వైపు మా అత్తగారి ఊళ్ళో సగం ఇళ్ళ మనుషులు బొంబాయిలో పనుల్లో ఉంటారు. వాళ్ళు ఆదివారం ఫోన్లో ఒక పద్ధతి పెట్టుకున్నారు: పైసల సంగతి, పొలం సంగతి మాట్లాడాక ఫోన్ పెట్టేముందు అటు ఒకటి ఇటు ఒకటి చెప్పుకోవాలి. ఒకసారి ఒకాయన "ఈ వారం ఏం లేదు, పనిలో నుంచి తీసేశిండ్రు" అన్నాడట, ఇవతల వాళ్ళావిడ "సరే, అయితే నాది వినండి" అని బర్రె ఈనిన సంగతి చెప్పింది.

హాస్టల్ పిల్లలు నోటుబుక్కు చివరి పేజీ వాడుకోండి, మేకు మీకు దొరకదు.

పుస్తకం నిండితే

పారేయకండి, అటక మీద పెట్టండి. కొత్తది ఉగాదికో దసరాకో మొదలుపెడితే బాగుంటుంది, ఆలోపే నిండితే అప్పుడే కొనండి, ముహూర్తం అక్కర్లేదు. తీరని బాకీలు మాత్రం కొత్త పుస్తకం మొదటి పేజీలోకి ఎక్కించాలి, ఇది కొట్టు రూలు. నాది ఇప్పుడు మూడో పుస్తకం. దాని మొదటి పేజీలో, రెండు పుస్తకాలు దాటుకుని వచ్చిన ఒక పద్దు ఉంది, దేవరకొండ బస్సు కండక్టరమ్మది. పేరు తెలియదు. అమ్మ, నేను ఆ రూట్లో ఎక్కినప్పుడల్లా కండక్టర్ మొహం చూస్తాం, ఇంకా కనబడలేదు. అమ్మ సంచిలో ఆ స్టీలు డబ్బా ఉంటుంది, సకినాలతో.